ఎడమ పక్క పాట

మా ఆవిడ ఎప్పుడూ ఆంప్లిఫయర్ అనలేదు. దీపాలు అనేది. నేను హాల్లో బల్ల మీద అల్యూమినియం పెట్టెకి కన్నాలు వేస్తూ కూర్చుంటే, "మీ దీపాలు ఎంతవరకు ఒచ్చినాయి?" అని వంటింట్లోంచి అడిగేది. దీపాలు కావు, వాల్వులు అని మొదట్లో సరిదిద్దాను. గాజుబుడ్డి, లోపల సన్నటి తీగ, ఆ తీగ ఎర్రగా కాలితేనే పని చేస్తుంది, మరి దీపం కాకపోతే ఏటి అంది. జీవితమంతా ఎలక్ట్రానిక్ ఫ్యాక్టరీలో టెక్నీషియన్‌గా చేసినవాణ్ణి. అలాంటి విషయంలో జవాబు లేకపోవడం నాకు నచ్చదు, అందుకని ఆ పూట మాట్లాడడం మానేశాను.

మాది మలేషియాలో, క్లాంగ్ ఊళ్ళో వరస ఇళ్ళలో ఒక ఇల్లు. ఫ్యాక్టరీని వేరే దేశానికి ఎత్తుకుపోయాక నేను ఇంటిపట్టున పడ్డాను. చేతులు ఊరుకోవు కదా. ఇరుగుపొరుగు వాళ్ళ ఫ్యాన్లూ రైస్ కుక్కర్లూ బాగుచేసేవాణ్ణి, అవి అయిపోతే మా ఇంట్లో బాగా ఉన్నవే విప్పేవాణ్ణి. ఒకరోజు మా ఆవిడ, విప్పిన మిక్సీ ముందు నిలబడి, "ఊరందరివీ సేస్తారు. నాకు దీపాల పాటపెట్టె ఒకటి సేసి పెడుదురూ" అంది. అప్పటికే తన కిడ్నీలు దెబ్బతిన్నాయి. వారంలో సగం రోజులు డయాలసిస్‌కి పోతోంది. పెళ్ళయ్యాక నన్ను నోరు తెరిచి ఒక వస్తువు అడగడం అదే మొదటిసారి. సరే అనేశాను. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

ఆ పెట్టె కథ నాకు ముందే తెలుసు. తను పుట్టి పెరిగింది బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు తోటలో. అమ్మా నాన్నా చెట్లకి గాట్లు పెట్టి పాలు తీసేవాళ్ళు. నేనేమో కిరాణీల మనవణ్ణి. ఆంధ్రాలో కిరాణా అంటే పప్పూ ఉప్పూ అట, ఇక్కడి తోటల్లో కిరాణి అంటే ఆఫీసు గుమాస్తా. మా తాత వేరే తోటలో కిరాణి. ఆ ముక్క పట్టుకుని, ఇంట్లో ఏ చిన్న మాట తేడా వచ్చినా "మీ కిరాణీలోళ్ళు" అని మొదలుపెట్టేది. నేను ఒంటికాలి మీద లేచేవాణ్ణి. తనకి కావలసింది కూడా అదే.

వాళ్ళ తోటలో కిరాణి గారింట్లో కాళ్ళున్న చెక్కపెట్టె ఒకటి ఉండేది. రేడియో, రికార్డులు తిప్పేది, రెండూ అందులోనే. వెనకవైపు చిల్లుల అట్టలోంచి వాల్వుల ఎర్రటి వెలుగు గోడ మీద పడేది. ఒక స్పీకరు ఆ పెట్టెలోనే, కిటికీ పక్కన. రెండోదాన్ని వైరు లాగి లోపలి గదిలో పెట్టుకున్నారు. సాయంత్రం పాటలు వేస్తే కూలీల లైను ఇళ్ళ పిల్లలు కిటికీ బయట కాలవ గట్టు మీద నిలబడి వినేవాళ్ళు. కిరాణి గారి భార్య తరిమేది కాదు, లోపలికి రమ్మనేదీ కాదు. వాటిలో ఒక అరవ పాట ఉండేది. మగగొంతు ఏదో అడుగుతుంది, ఆడగొంతు జవాబు చెబుతుంది. స్టీరియో కొత్తగా వచ్చిన రోజులు, రికార్డు చేసినవాళ్ళు సరదాపడి ఒక గొంతుని పూర్తిగా ఈ పక్క, ఇంకో గొంతుని పూర్తిగా ఆ పక్క పెట్టేశారు. దాంతో కిటికీ బయటికి మగగొంతు ఒక్కటే వచ్చేది. అతను అడుగుతాడు, ఆగుతాడు, తబలా నడుస్తుంది, మళ్ళీ అడుగుతాడు. జవాబంతా లోపలి గదిలో ఉన్నవాళ్ళకి.

"ఆయనెవరో పాపం ఎంత అడిగినా పలికేవోళ్ళు లేరనుకున్నాను. అందుకని నానే పలికీదాన్ని" అని చెప్పింది ఒకసారి. ఖాళీ వచ్చిన చోటల్లా తెలుగులో, ఆ వరసకి సరిపోయేలా, నోటికొచ్చిన మాట పాడేదట.

పెద్దయ్యాక ఆ పాట వినలేదా అంటే వింది. క్యాసెట్లో వింది, ఫోన్లో వింది. "ఇందులో ఇద్దరూ ఒక్క కుర్చీలో ఇరుక్కున్నట్టు పాడతన్నారు. నాకలాగొద్దు. దీపాల పెట్టి ఎదర, రెండు పక్కలకీ నడిమద్దిన, కుర్సీ ఏసుకుని ఇనాల" అంది. ఇంకేం అక్కర్లేదట. చీరలు కొంటానంటే వద్దనే మనిషి, దీని విషయంలో మాత్రం పట్టిన పట్టు విడవలేదు. నాకు అర్థమయింది. తను ఆ కిటికీ లోపలికి రావాలనుకుంటోంది.

వాల్వు ఆంప్లిఫయర్ కట్టడం నా బుద్ధికి సరిపోయే పని కాదు. ఫ్యాక్టరీలో నేను చూసిందంతా చిన్న చిప్పులు. ఇందులో ట్రాన్స్‌ఫార్మర్లే ఇటుకలంత బరువు. స్విచ్ ఆపేశాక కూడా కెపాసిటర్లలో కరెంటు కాచుకుని కూర్చుంటుంది, దాన్ని ఖాళీ చెయ్యకుండా చెయ్యి పెడితే మనిషిని విసిరికొడుతుంది. మా ఆవిడకి ఆ సంగతి చెప్పడం నా పొరపాటు. అప్పట్నుంచీ నేను పెట్టెలో చెయ్యి పెట్టినప్పుడల్లా రబ్బరు చెప్పులేసుకున్నానా లేదా అని కాళ్ళకేసి చూసేది.

డయాలసిస్ సెంటర్లో తను లోపల పడుకుంటే నేను వరండాలో కూర్చునేవాణ్ణి. వాల్వుల తీగల్ని వేడి చేసే కరెంటుకి రెండు వైర్లు వెళ్తాయి. వాటిని జతగా బిగించి మెలిపెట్టాలి, లేకపోతే పాటలో రొద వస్తుంది. ఆ పని అక్కడ చేసుకునేవాణ్ణి. ఒకసారి తను బయటికొచ్చి గోడ పట్టుకుని నిలబడి, నా ఒళ్ళో ఎర్ర వైరూ నల్ల వైరూ చూసి, "ఏటి, జడలల్లతన్నారా? మనమ్మాయికి ఒక్కరోజు అల్లినారు కారు" అంది. పక్కనున్న మలాయ్ ఆవిడకి మాట అర్థం కాకపోయినా మా ఆవిడ ముఖం చూసి నవ్వింది. తిరిగొచ్చేటప్పుడు కార్లో తను కళ్ళు మూసుకుని పడుకుంది. సీటు బెల్టు కింద ఆ మనిషి ఎంత సన్నబడిపోయిందో ఆ రోజు చూశాను. నాకు భయం వేసింది. పని తొందరగా కానివ్వాలని మొదటిసారి అనిపించింది ఆ కార్లోనే.

ముందు కుడి పక్క పూర్తయింది. ఎడమ పక్కకి ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా రాలేదు. కనీసం ఒక పక్కయినా పాడుతుందో లేదో చూద్దామని, పాత సామాన్ల కొట్టు ఒకదాంట్లో ఎంతో వెతికి పట్టుకున్న ఆ రికార్డు వేశాను. స్విచ్ వేసినవెంటనే ఏమీ రాదు. తీగలు కాలాలి. మా ఆవిడ కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. గాజులోపల సన్నగా ఎరుపు పాకింది. మగగొంతు వచ్చింది.

మగగొంతు ఒక్కటే వచ్చింది. తను పకపకా నవ్వేసింది. "సూసినారా, మళ్ళీ కిటికీ బయటే పెట్టేసినారు నన్ను."

నాకు మండింది. వైరు మారిస్తే ఆడగొంతు వస్తుంది, ఒక్క క్షణం పని, ఇప్పుడే మారుస్తాను అన్నాను. ససేమిరా అంది. "ఒద్దు. ఇద్దర్నీ ఒక్కసారే ఇంటాను. అందాకా ఆయమ్మని కదపొద్దు, మీరూ ఇనొద్దు." ఇంతలో పాటలో ఖాళీ వచ్చింది. తను కుర్చీలో కాస్త ముందుకు వంగి, సన్నటి గొంతుతో, "ఇక్కడే ఉన్నాను, కాలవ కాడున్నాను" అని పాడింది. ఆయాసం. ఆగింది. అతను ఇంకేదో అడిగాడు. "అమ్మ కేకేసినాది, మళ్ళొస్తాను" అంది పాటలోనే. తనలో ఆ గొంతు ఉందని నాకు తెలియదు. ఇన్నేళ్ళు ఒక కప్పు కింద ఉన్నాం, వంట చేస్తూ కూడా కూనిరాగం తియ్యని మనిషి. నేను పెట్టె వెనక్కి వెళ్ళి ఏదో బిగిస్తున్నట్టు తల దించుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి తనకి చూపించడం ఇష్టంలేదు.

ఆ రోజు నుంచీ దానికో వేళ ఏర్పడింది. సూర్యుడు దిగాక తను దేవుడి అరలో దీపం పెట్టేది. సరిగ్గా అప్పుడే మసీదులో మగ్రిబ్ నమాజు బాంగు మొదలయ్యేది. బాంగు మొదలైనప్పుడు నన్ను స్విచ్ వెయ్యమనేది, అది పూర్తయ్యేసరికి వాల్వులు వేడెక్కి ఉండేవి. ఎవరికీ అడ్డం లేకుండా పాట మొదలయ్యేది. ఆ ఒక్క పక్కే, అదే సగం పాట.

ఆపేటప్పుడు ఒక తగువు. మొదటిరోజు నేను "ఇంక ఆఫ్ చేస్తున్నాను" అన్నాను. తను చెవులు మూసుకుంది. "దీపాన్ని ఆఫ్ సెయ్యడమేటి? కొండెక్కించండి." ఇది కరెంటు సామానని చెప్పాను. వినలేదు. "ఎలిగిందా లేదా? ఎలిగిందేదైనా కొండెక్కాల. కిరాణీలోళ్ళకి దీపం పెట్టడమే తెల్దా?" అంది. పోనీలెమ్మని ఆ మాటే అనడం మొదలుపెట్టాను. అంటూ అంటూ నాకూ అలవాటయింది.

మా అమ్మాయికి ఇది పెద్ద వేడుక. తను రోజూ రైల్లో కౌలాలంపూర్ వెళ్ళి ఆఫీసులో పనిచేస్తుంది. ఒక్కతే కూతురు. మేం తెలుగులో మాట్లాడితే అర్థం చేసుకుంటుంది, జవాబు మాత్రం అరవంలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. తెలుగు మాటలు దాని నోట్లో కొన్నే ఉన్నాయి, అవీ వంటింటివి. ఒక సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ ఆ మాట విని, "ఏ కొండ అమ్మా?" అంది.

"ఏ కొండయితే ఏటి, మలాయోళ్ళు బుకిట్ అంటారే, అలాటిదేదో లా. పెద్దోళ్ళు సెప్పినారు, మనవూ సెప్పాల. ఆరిపోనాది అనకూడదు దీపాన్ని."

"ఎందుకు?"

"మళ్ళా ఎలగాల కదా."

అది ఆ మాటని ఇష్టంగా పట్టుకుంది. ఆంప్లిఫయర్‌కి అమ్మ దీపం అని పేరు పెట్టింది. ఆఫీసు నుంచి ఆలస్యమైతే ఫోన్ చేసి, "నాన్నా, అమ్మ దీపం కొండెక్కినాదా?" అని అడిగేది. ఇంకా లేదంటే పాట అందుకోవచ్చని స్టేషన్ నుంచి గబగబా నడిచొచ్చేది. దాని నోట తప్పులేకుండా వచ్చే తెలుగు వాక్యం అదొక్కటే అని మా ఆవిడ మురిసిపోయేది.

ఎడమ పక్క నా ప్రాణం తీసింది. మొదట వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ దారిలోనే దెబ్బతిని వచ్చింది. రెండోది వచ్చి, అంతా బిగించి, స్విచ్ వేస్తే ఒకటే రొద. తేనెటీగల పట్టు పక్కన చెవి పెట్టినట్టుంది. వాల్వు మార్చాను, వైర్లు మార్చాను, టంకాలన్నీ విప్పి మళ్ళీ వేశాను. పోలేదు. పెట్టె మీద కోపం ఇంట్లోవాళ్ళ మీద చూపించాను. ఈ రొదతోనే విను, పాట వినబడుతోంది కదా అని అరిచాను ఒకసారి. తను నెమ్మదిగా, "ఆయమ్మ ఇన్నేళ్ళకి పలకబోతాంది, గొంతు సవరించుకోనీండి" అంది.

ఆ రోజుల్లోనే తనకి జ్వరం పట్టుకుంది. డయాలసిస్ సూది గుచ్చే చోట చీము పట్టి, విషం రక్తంలోకి పాకిందన్నారు. ఆస్పత్రిలో చేర్చాం. పగలు నేను, సాయంత్రం నుంచి అమ్మాయి కూర్చునేవాళ్ళం. నేను వార్డులోకి అడుగుపెట్టగానే తన మొదటి మాట ఒంట్లో ఎలా ఉందో కాదు. "ఆ పక్క పాడతాందా?"

లేదనేవాణ్ణి. పరవాలేదు అనేది. ఫోన్లో ఆ పాట పెట్టనా, ఇద్దరూ పాడతారు కదా అని అమ్మాయి అడిగితే తల అడ్డంగా ఊపింది. జ్వరం కొంచెం దిగినప్పుడు డాక్టరు, ఇలాగే ఉంటే శనివారం ఒక్కరోజు ఇంటికి తీసుకెళ్ళి తీసుకురండి అన్నాడు. మా ఆవిడ నాకేసి చూసింది. మర్నాడు వార్డుకి వెళ్ళకుండా, అమ్మాయిని సెలవు పెట్టి కూర్చోమని చెప్పి, నేను బల్ల ముందు కూర్చున్నాను.

తప్పు చాలా చిన్నది. రొద రాకుండా ఉండాలంటే ఎర్త్ వైర్లన్నీ పెట్టెలో ఒక్క చోటే కలవాలి. కుడి పక్క అలాగే చేశాను. ఎడమ పక్క, వైరు దోపే సాకెట్ కింద ప్లాస్టిక్ వాషర్ వెయ్యడం మరిచిపోయాను. సాకెట్ రేకుకి తగిలి, కరెంటుకి రెండో దారి దొరికింది. అంత వెతికి చివరికి ఒక ఉంగరమంత వాషర్. అది వేసి బిగించేసరికి సాయంత్రమైంది. బాంగు మొదలైంది. అలవాటుగా స్విచ్ వేశాను. వాల్వులన్నీ ఎర్రబడ్డాయి. రొద లేదు. నాదస్వరం రికార్డు ఒకటి వేసి చూశాను, రెండు పక్కలా నిండుగా పలికింది. ఆ పాట మాత్రం వెయ్యలేదు. రికార్డు తీసి, తుడిచి, సిద్ధంగా పెట్టాను. తన కుర్చీ తెచ్చి రెండు స్పీకర్లకీ సరిగ్గా మధ్యలో వేశాను. చాలా సంతోషంగా ఉన్నాను. ఆ మాట దాచుకోవడం ఎందుకు, పెళ్ళి రోజు కూడా అంత సంతోషంగా లేను.

అప్పుడు ఫోన్ మోగింది. అమ్మాయి.

"నాన్నా," అంది. తరవాత, "అమ్మ దీపం కొండెక్కినాది" అంది.

రోజూ అడిగే ప్రశ్నే అనుకున్నాను. వాళ్ళమ్మ అడగమంటే అడుగుతోందనుకున్నాను. "లేదమ్మా, వెలుగుతోంది. రెండు పక్కలా పాడుతోంది. అమ్మకి చెప్పు, రొద పోయింది, శనివారం వచ్చి వినొచ్చని చెప్పు" అన్నాను. నేను ఇంకా చెబుతూనే ఉన్నాను. వాషర్ సంగతి కూడా చెప్పాను. అప్పుడు దాని ఏడుపు వినబడింది. వాల్వులు నా ఎదురుగా వెలుగుతున్నాయి. వాటిని చూస్తూనే నాకు అర్థమయింది.

ఆ తరవాత ఇల్లంతా బంధువులు. బంటింగ్ నుంచి మా ఆవిడ వదినగారు వచ్చి, తల దగ్గర దీపం పెట్టించి, కర్మ అయ్యేదాకా దాన్ని కనిపెట్టుకుని ఉండమంది. అమ్మాయి ఆ దీపం దగ్గరనుంచి లేవలేదు. నూనె పోస్తూ, వత్తి ఎగదోస్తూ కూర్చుంది. ఒక రోజు నాతో మెల్లగా, అరవం తెలుగు ఇంగ్లీషు కలిపి చెప్పింది. నర్సు దానికి ఇంగ్లీషులో చెప్పిందట. అదే ఇంగ్లీషు మాట నాకు అందించబుద్ధి కాలేదట. చచ్చిపోయింది అనే తెలుగు మాట తెలుసట గానీ, బొద్దింకకీ బ్యాటరీకీ అనే మాట అమ్మకి ఎలా అంటాను అంది. "నాకు వేరే మాట రాదు నాన్నా. తప్పా?"

తప్పు కాదమ్మా అన్నాను. మంచి మాటే దొరికింది దానికి. వాళ్ళమ్మ వింటే మురిసిపోయేది.

ఆంప్లిఫయర్ ఇప్పుడు బాగా పాడుతుంది. ఏ రికార్డు వేసినా రెండు పక్కలా పాడుతుంది. ఆ ఒక్క పాట వేసేటప్పుడు మాత్రం ఎడమ పక్కకి వెళ్ళే వైరు పీకేస్తాను. అతను అడుగుతాడు, ఆగుతాడు, తబలా నడుస్తుంది. ఆ ఖాళీలో మా ఆవిడ చెప్పిన జవాబులు నాకు ఇంకా జ్ఞాపకం ఉన్నాయి. అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడి వింటుంది, కుర్చీలో మాత్రం కూర్చోదు.

పాట అయ్యాక, "ఆఫ్ చెయ్యనా నాన్నా?" అని అడుగుతుంది.

చెయ్యమ్మా అంటాను.